బ్యాగుల దగ్గర మనిషి

ఎక్సెల్ షీటులో మా అత్తయ్య పేరుకెదురుగా "బ్యాగులు" అని రాసి ఉంది. మిగతా అందరి పేర్లకెదురుగా "ట్రెక్కింగ్" అని ఉంది. నా పేరుకెదురుగా "ట్రెక్కింగ్, ఫొటోలు". కిందికెళ్ళి పాలు తెమ్మంటే విసుక్కునే మా పద్నాలుగేళ్ళ అమ్మాయికి కూడా ట్రెక్కింగే. ఆవిడకొక్కదానికే బ్యాగులు. ఆ షీటు తయారుచేసినవాడు పరాయివాడేం కాదు. మా ఆయన స్నేహితుడు, వుడ్‌ల్యాండ్స్‌లో ఉంటాడు, ఒక బ్యాంకులో ప్రాజెక్టు మేనేజరు. పైగా మా గోదావరి జిల్లా వాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇంకాస్త మండుతుంది.

ఆ షీటు నేను జావా ప్రయాణానికి ముందు చూడలేదు. వాట్సాప్ గ్రూపులో పెట్టాడట. గుడ్ మార్నింగులు, పువ్వుల బొమ్మలు, గొడుగు మర్చిపోకండి, చార్జర్లు మర్చిపోకండి అంటూ రోజంతా మోగే గ్రూపులో ఎవడు ఏం పెట్టాడో ఎవరు చూస్తారు? తిరిగొచ్చాక చూశాను. చూసి, ఫోను సోఫా మీదకి విసిరేశాను. నేలకేసి కొట్టాలనే అనిపించింది కానీ ఫోను నాది.

మా అత్తయ్య ఇక్కడే, ఈ సింగపూర్‌లోనే పుట్టింది. ఆవిడ తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో బరువులు మోశాడు. నేను పెళ్ళయి కాకినాడ నుంచి ఈ ఊరొచ్చిన కొత్తలో ఆవిడ మాట్లాడే తెలుగు నాకు సగం అర్థమయ్యేది కాదు. బజారుని పసార్ అంటుంది. భోజనాన్ని మకాన్ అంటుంది. చాలా అనాల్సిన చోటల్లా రొంబ అంటుంది. ఇరవై రెండేళ్ళయింది, ఇప్పుడు నేనూ పసార్ అనే అంటున్నాను. ఇండియా నుంచి ఈమధ్య వచ్చినవాళ్ళు ఆవిడ మాట విని మొహాలు చూసుకుని నవ్వుకుంటారు. వీళ్ళ తెలుగులో పదికి ఎనిమిది ఇంగ్లీషు ముక్కలుంటాయి, దానికి మాత్రం ఎవరూ నవ్వరు.

ముప్ఫై ఏళ్ళకి పైగా ఆవిడ ఒక స్కూలు క్యాంటీన్లో స్టాలు నడిపింది. తెల్లవారకముందే వెళ్ళి పొయ్యి వెలిగించేది. ఒంట్లో బాగున్నా బాగోకపోయినా వెళ్ళేది. మామయ్య పోయిన పన్నెండో రోజు అయిపోగానే పదమూడో రోజు వెళ్ళిందట. నోట్లో నాలుక లేని మనిషి అని అందరూ అంటారు. నిజానికి నాలుక ఉంది, దాన్ని "సరే", "పరవాలేదు" అనే రెండు మాటలకి తప్ప వాడనివ్వలేదు మేం.

ఈ ఊళ్ళో ఒక అలవాటుంది. తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో తినడానికి వెళ్తే ముందు టేబుల్ పట్టుకోవాలి. చోప్ చెయ్యడం అంటారు దాన్ని. జనం టేబుల్ మీద ఒక టిష్యూ ప్యాకెట్టో గొడుగో పడేసి, అన్నం తెచ్చుకోడానికి లైన్లలో నిలబడతారు. ఎవరూ ఆ టేబుల్ జోలికి రారు. మా ఇంట్లో ఆ టిష్యూ ప్యాకెట్టు మా అత్తయ్య. ఆవిణ్ణి కూర్చోబెట్టి, ఆవిడ చుట్టూ మా సంచులు పెట్టి, మేం తలా ఒక వైపు వెళ్తాం. ఏం తింటారత్తయ్యా అంటే ఏదైనా పరవాలేదంటుంది. ఏదో ఒకటి తెచ్చి ముందు పెడతాం. ఇదంతా నాకు తప్పుగా తోచిందని చెబితే అబద్ధమే. ఇన్నేళ్ళూ సౌకర్యంగానే తోచింది.

ఇక నా ఫొటోల పిచ్చి. ఒక పళ్ళ డాక్టరు క్లినిక్‌లో ఫ్రంట్ డెస్కులో పనిచేస్తాను నేను. రోజంతా నోళ్ళు తెరుచుకున్న మొహాలు చూసి చూసి, మనుషులు లేని చోట్లు ఫొటోలు తీద్దామనిపించి ఒక సెకండ్‌హ్యాండ్ కెమెరా కొన్నాను. ఈ ఊళ్ళో కొండ ఎక్కడుంది? బుకిట్ తిమా ఒక్కటుంది, దాన్ని కొండ అంటే మా వైపు వాళ్ళు నవ్విపోతారు. అందుకని యూట్యూబులో కొండలు చూసుకుంటూ కూర్చుంటాను. ఒక సెలవు మధ్యాహ్నం టీవీలో జావాలోని ఒక నేషనల్ పార్కు చూస్తున్నాను. అగ్నిపర్వతం, నల్లరాళ్ళు, ఆకుల్లేని తెల్లటి చెట్లు, జనం దాదాపు లేరు. అత్తయ్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పక్కన కూర్చుని ఉంది. రాళ్ళ సందుల్లోంచి పొగ లేస్తుంటే ఆవిడ చేతులు ఆగాయి.

"ఎవరు ముట్టించారమ్మా అది?" అంది.

ఎవరూ ముట్టించలేదు, దానంతట అదే అన్నాను.

"ఎవరూ చూసుకోకపోతే ఆరిపోదా?"

ఆరిపోదు అన్నాను. ఎన్ని వేల ఏళ్ళుగానో అలాగే ఉందట అన్నాను. ఆవిడ చాలాసేపు టీవీ వైపే చూసింది. తర్వాత, చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి, "నాకది ఒక్కసారి కళ్ళతో చూడాలనుందమ్మా" అంది. ముప్ఫై ఏళ్ళు పొయ్యి ముందు నిలబడ్డ మనిషి, ఎవరూ లేచి వెలిగించకపోయినా మండే పొయ్యిని చూడాలనుకుంటోంది. నేను ఆ ఇంట్లో కాలుపెట్టాక ఆవిడ నోట "నాకు" అనే మాట వినడం అదే మొదటిసారి.

అప్పుడు పట్టింది పట్టు. బుకిట్ బటోక్‌లో మా ఫ్లాటు తొమ్మిదో అంతస్తు. మర్నాటి నుంచి ఆవిడ కిందికి లిఫ్టులో దిగి, పైకి మెట్లెక్కి రావడం మొదలుపెట్టింది. మొదట్లో నాలుగో అంతస్తులో కూర్చునేది. రెండు నెలలకి ఏడు. ఆరో నెలలో ఎక్కడా ఆగలేదు. మా అమ్మాయి సరదాకి ఫోనులో టైము చూసి, "నానమ్మ డామ్ స్ట్రాంగ్ లా" అని వాళ్ళ నాన్నకి మెసేజ్ కొట్టింది. అత్తయ్య స్వయంగా కొట్టుకెళ్ళి బూట్లు కొనుక్కుంది. ఆవిడ తనకోసం తనే వెళ్ళి ఒక వస్తువు కొనుక్కోవడం కూడా నేను మొదటిసారే చూశాను. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, హాల్లో అటూ ఇటూ నడుస్తూ, కరవడం లేదమ్మా, మెత్తగా ఉన్నాయి, అంటూ కాళ్ళకేసి చూసుకుంది.

మేమే వెళ్ళి ఉంటే సరిపోయేది. మా ఆయనకి ఏ పనైనా నలుగురితో కలిసి చేస్తే తప్ప తోచదు. వుడ్‌ల్యాండ్స్ స్నేహితుడికి చెప్పాడు. ఆయన, ఆయన భార్య, యూ టీ అనే పేటలో ఉండే ఇంకో జంట, అందరూ వస్తామన్నారు. అంతే, పెత్తనం ఆయన చేతికి పోయింది. విమానం టికెట్లు ఆయనే, వ్యాను ఆయనే, హోటలు ఆయనే. ఆఫీసులో ప్రతి పనికీ ఏం చెడిపోవచ్చో ముందే రాసిపెట్టుకుంటారట, అదే అలవాటు కొండక్కూడా తెచ్చాడు. వాన పడితే ఏం చెయ్యాలి, కాలు బెణికితే ఏం చెయ్యాలి, ఎవరి వల్ల ఆలస్యం కావచ్చు. మా అత్తయ్య ఆ జాబితాలో వానకీ బెణుకుకీ పక్కన ఉంది. ఆవిడ మెట్ల సంగతి మా ఆయన ఆయనకి చెప్పలేదా అంటే, చెప్పాడట. "బ్లాకు మెట్లు వేరు, కొండ వేరు" అన్నాడట. ఈయన ఎన్ని కొండలెక్కాడో మరి.

జావా వెళ్ళాం. విమానం దిగిన ఊరి నుంచి వ్యానులో మూడు గంటలు. పర్యాటకులందరూ వేరే పేరున్న కొండకి పోతారు కాబట్టి ఈ పార్కులో సడి లేదు. టికెట్టు ఇచ్చే చిన్న గది, దాని అవతల రేకుల షెడ్డు, షెడ్డులో మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే ఒక పడుచు పిల్ల, ఆమె మామగారు కాబోలు ఒక ముసలాయన. అక్కణ్ణుంచి దారి పైకి పోతుంది. నల్లటి రాళ్ళు, వాటి మధ్య లేత ఆకుపచ్చ ఫెర్న్‌లు, గాలిలో గంధకం వాసన. కెమెరా చేతికి తీసుకోగానే నాకు మిగతా ప్రపంచం కనపడదు. ఆకాశం ఒక వైపు నీలంగా ఉంది, ఇంకో వైపు నుంచి మబ్బు దిగుతోంది. గంటలో వెలుతురు పోతుందని తెలిసిపోతోంది.

అక్కడ, ఆ షెడ్డులో, వుడ్‌ల్యాండ్స్ ఆయన అందర్నీ నిలబెట్టి ఏర్పాట్లు చెప్పాడు. ఎవరు ముందు, ఎవరు వెనక, ఎక్కడ ఆగాలి. చివర్న మా అత్తయ్య వైపు తిరిగి, ఆంటీ, మీరు ఇక్కడే రెస్ట్ తీసుకోండి, పైన బాగా ఎత్తు, ఊపిరి ఆడదు, మన బ్యాగులన్నీ మీ దగ్గరుంటాయి, పాస్‌పోర్టులు కూడా అందులోనే ఉన్నాయి, అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. కూర్చోడానికి బల్ల తుడిచి మరీ ఇచ్చాడు. ఆ మర్యాద చూస్తేనే నాకు ఒళ్ళు మండింది.

అత్తయ్య కొండ వైపు చూసింది. నా వైపు చూసింది. బూట్ల తాళ్ళు రెండేసి ముళ్ళు వేసుకుని ఉంది. "సరే బాబూ" అంది.

నేను నోరెత్తాల్సింది అప్పుడు. ఆవిడ ఆర్నెల్లు ఎందుకు మెట్లెక్కిందో అక్కడున్న వాళ్ళందరికంటే నాకే బాగా తెలుసు. నోరెత్తితే వాదన అవుతుంది, వాదన పావుగంట తింటుంది, ఈలోపు మబ్బు దిగిపోతుంది. నేను ఆలోచించింది అదీ. మా ఆయన, అమ్మే సరే అంది కదా, అన్నాడు. త్వరగా వచ్చేస్తాం అత్తయ్యా, అన్నాన్నేను. సిగ్గులేకుండా అన్నాను. ఎనిమిది బ్యాగులు ఆవిడ చుట్టూ పెట్టి వెళ్ళిపోయాం.

పైకి ఎక్కుతుంటే ఆ ప్రాజెక్టు మేనేజరుగారు ఎన్నిచోట్ల కూలబడ్డాడో చెప్పాలంటే నా రెండు చేతుల వేళ్ళూ చాలవు. ప్రతిచోటా, వ్యూ చూడండి, వ్యూ చూడండి, అంటాడు, మనం చూస్తున్నంతసేపూ ఆయాసం తీర్చుకోవచ్చని. ఆయన భార్య ప్రతి రాయి మీదా చేతులు చాచి నిలబడి ఫొటో తియ్యమంది. తీశాను. యూ టీ జంట ఎక్కడ ఆగితే అక్కడ బిస్కెట్లు తిన్నారు. మా అమ్మాయి సిగ్నల్ లేదని సణిగింది. వీళ్ళందరూ ట్రెక్కింగు, మా అత్తయ్య బ్యాగులు.

పైకి చేరేసరికి ఏముంది? తెల్లటి పొగమంచు. కొండ నోరు ఎంత వెడల్పో, ఎంత లోతో, అసలు ఉందో లేదో కూడా తెలియలేదు. కర్రల కంచె ఒకటి కనిపించింది, దాని అవతల దుప్పటి కప్పినట్టు తెలుపు. అరగంట నిలబడ్డాం. నేను ఆ తెలుపునే ఫొటోలు తీస్తూ కూర్చున్నాను, ఎక్కడో ఒక చోట చీలకపోతుందా అని. చీలలేదు. ఏం కనిపించిందన్నది ముఖ్యం కాదు, ఎక్స్‌పీరియన్స్ ముఖ్యం అని ఆయన అందరికీ ఉపన్యాసం ఇచ్చి దిగుదామన్నాడు.

దిగేసరికి షెడ్డులో బ్యాగులున్నాయి. అత్తయ్య లేదు. పొత్తులమ్మే పిల్లా లేదు. ముసలాయన ఒక్కడూ బ్యాగుల పక్కన బల్ల మీద చక్కగా చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు.

ఆ క్షణంలో ప్రాజెక్టు మేనేజరుగారి నోట్లోంచి వచ్చిన మొదటి మాట "పాస్‌పోర్టులు" అని. నా చెవులతో విన్నాను. బ్యాగు జిప్పులు బరబరా లాగి, పాస్‌పోర్టులన్నీ తీసి చేతిలో పట్టుకుని చూసుకుని, అప్పుడు తలెత్తి, ఆంటీ ఏరి, అన్నాడు. నేను అప్పటికే దారుల వెంట పరుగెత్తి అరుస్తున్నాను. ముసలాయన గబగబా ఏదో చెబుతుంటే మొదట మాకెవరికీ అర్థం కాలేదు. మా ఆయన సింగపూర్‌లో పుట్టి పెరిగినవాడు కాబట్టి మలయ్ కొంచెం వచ్చు. కూడబలుక్కుని అడిగి తెలుసుకున్నాడు. అమ్మ ఆ పిల్లతో వెళ్ళిందట, దగ్గరేనట, వచ్చేస్తుందట, అన్నాడు. ఆ ఇరవై నిమిషాలు నాకెలా గడిచాయో నాకే తెలుసు.

పక్క దారిలోంచి వచ్చింది ఆవిడ, ఆ పిల్ల వెనకాల. బూట్లు చీలమండల దాకా బూడిదరంగు బురద. సల్వారు అంచులు తడిసి ఉన్నాయి. చేతిలో ఒక గుడ్డమూట.

సంగతేమిటో ఆ పిల్ల మా ఆయనకి చెప్పింది. మేం పోయాక అత్తయ్య కాసేపు కూర్చుందట. తర్వాత కొండ వైపు చెయ్యి చూపించి "ఆపి మానా?" అని అడిగిందట. నిప్పెక్కడ అని. చిన్నప్పుడు పసార్‌లో చేపలవాళ్ళ దగ్గరా కూరగాయలవాళ్ళ దగ్గరా నేర్చుకున్న మలయ్ అది. జావావాళ్ళకి అది బాగానే అర్థమవుతుంది. ఆ పిల్ల నవ్వి, ఈ వేళప్పుడు పైన మంచు తప్ప ఏమీ కనపడదు, మేం గుడ్లు ఉడకబెట్టుకునే చోటు ఒకటి పక్కనే ఉంది, రా అవ్వా, అందట. అత్తయ్య బ్యాగులన్నీ ముసలాయనకి ఒక్కొక్కటీ చూపించి అప్పగించి మరీ వెళ్ళింది. మూటలో ఉన్నవి ఆ గుడ్లు.

ఎనిమిది మందిలో ఆ దేశం మాట అందరికంటే బాగా వచ్చిన మనిషిని బ్యాగుల దగ్గర కూర్చోబెట్టి, సరిగ్గా మాట రాని వాళ్ళం మంచు చూడ్డానికి పోయామన్నమాట. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు నా మొహం మీద ఉండగానే మేనేజరుగారు అందుకున్నాడు.

"ఆంటీ, మేం రెస్పాన్సిబిలిటీ తీసుకుని మిమ్మల్ని తీసుకొచ్చాం. ఇలా చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే ఎలా? పాస్‌పోర్టులు పోతే మనం ఇంటికెళ్ళేవాళ్ళమేనా?"

కొడుకు కంటే చిన్నవాడు అలా నిలదీస్తుంటే మా అత్తయ్య తలొంచుకుంది. "తప్పయిపోయింది బాబూ" అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. విదిలించేశాను.

"అన్నయ్యగారూ, ఆవిడ మీ బ్యాగులకి కాపలా రాలేదు. కొండ చూడ్డానికొచ్చింది. చూసింది కూడా. మీరేం చూశారో చెప్పండి" అన్నాను.

 మీ ఆవిడకి బీపీ చూపించు అన్నట్టు ఆయన మా ఆయన వైపు చూశాడు. వ్యానులో అత్తయ్య గుడ్ల పెంకులు ఒలిచి అందరికీ పంచింది. ముందు ఆయనకే ఇచ్చింది. ఆయన రెండు తిన్నాడు. ఉప్పు లేదా అని అడిగాడు.

సింగపూరొచ్చాక మూడు వారాలు నేను ఆ కోపంతోనే బతికాను. క్లినిక్‌లో నాతో పనిచేసే చైనా అమ్మాయికి చెప్పాను. కాకినాడలో మా అక్కకి ఫోన్లో చెప్పాను, రెండుసార్లు. షీటు కనిపించిన రోజు గ్రూపులో ఇంత పొడుగు మెసేజ్ టైపు చేసి, చెరిపి, మళ్ళీ టైపు చేసి, చివరికి ఏమీ రాయకుండా గ్రూపులోంచి బయటికొచ్చేశాను. మా ఆయనతో అయితే రోజూ గొడవే. ఆయన ఒకరోజు విసిగిపోయి, అమ్మకి లేని బాధ నీకెందుకు అన్నాడు. ఆవిడకి లేదని నీకెవరు చెప్పారు అన్నాను. నా మాట నాకే భలే నచ్చింది. అదే మాట అక్కకి కూడా చెప్పాను.

మొన్న ఆదివారం వుడ్‌ల్యాండ్స్ వాళ్ళింట్లో మధ్యాహ్నం భోజనాలు. ఫొటోలన్నీ టీవీలో పెట్టి చూపిస్తారట, ఇంకో నాలుగు కుటుంబాల్ని కూడా పిలిచారట. నేను రానన్నాను. మా ఆయనకి ఆరోజు డ్యూటీ, అమ్మాయికి ట్యూషను. నువ్వూ వెళ్ళకపోతే స్నేహం చెడుతుందన్నాడు ఆయన. అత్తయ్య అప్పటికే ముడతల్లేని బట్టలు తీసి మంచం మీద పెట్టుకుంది. పిలిచారు కదమ్మా, పోదాం, అంది. ఇద్దరం వెళ్ళాం.

పులిహోర బాగుంది, అబద్ధమెందుకు. తర్వాత టీవీ పెట్టారు. మంచు. మంచులో ఆయన. మంచులో ఆయన భార్య. కంచె. అన్నీ నేను తీసినవే. వచ్చినవాళ్ళు ఆహా ఓహో అంటున్నారు. ఏముందని ఆహా అన్నారో వాళ్ళకే తెలియాలి. మధ్యలో షెడ్డు ఫొటో ఒకటొచ్చింది. బ్యాగుల మధ్యలో అత్తయ్య. అది కూడా నేను తీసిందే. వెళ్ళబోతూ, వెలుతురు సరిచూసుకోడానికి ఒకటి నొక్కినట్టున్నాను. నాకు గుర్తే లేదు.

"మా బేస్ క్యాంప్ మేనేజర్" అన్నాడాయన. అందరూ నవ్వారు. అత్తయ్య కూడా నవ్వింది.

నేను లేచి నిలబడ్డాను. ఆ కొండ మీద నిప్పు చూసింది ఈ గదిలో ఆవిడొక్కతే, మనమందరం చూసింది ఇదిగో ఈ తెలుపు, కావాలంటే ఆవిణ్ణే అడగండి, అన్నాను. గొంతు కాస్త పెద్దగానే వచ్చి ఉంటుంది.  పది పన్నెండు మొహాలు అత్తయ్య వైపు తిరిగాయి. ఆవిడ ఒళ్ళో పెట్టుకున్న ప్లేటుని రెండు చేతులతో పట్టుకుంది.

చెప్పండి ఆంటీ, ఏం చూశారు, అన్నాడాయన, చిన్నపిల్లల్ని పద్యం చెప్పమన్నట్టు.

"ఏముంది బాబూ, రొంబ పొగ" అంది ఆవిడ.

రొంబ అన్నందుకు మళ్ళీ నవ్వారు. టీవీలో తర్వాతి ఫొటో వచ్చింది. నా గాలి మొత్తం తీసేసినట్టయింది. ఆవిడ కోసం అంత మంది ముందు నిలబడితే, ఆవిడేమో ఒక్క మాటలో తేల్చేసింది. పాయసం ఉంది ఆగండి అంటున్నా వినకుండా, తలనొప్పని చెప్పి ఆవిణ్ణి లేవదీసుకుని బయటికొచ్చేశాను.

ట్రైనెక్కాం. ఆదివారం మధ్యాహ్నం కావడంతో పక్కపక్కనే సీట్లు దొరికాయి. తలుపులు మూసుకున్న దగ్గర్నుంచి నేను మొదలుపెట్టాను. ఆయన్ని తిట్టాను, ఆయన భార్యని తిట్టాను, నవ్విన ప్రతివాణ్ణీ తిట్టాను. క్రాంజీ స్టేషను వచ్చేదాకా నా నోరు ఆగలేదు. అత్తయ్య కిటికీలోంచి చెట్లు చూస్తూ వింటోంది.

క్రాంజీ దాటాక నెమ్మదిగా, "అందరి ముందూ నన్నెందుకమ్మా అలా నిలబెట్టావు?" అంది.

నాకు చుర్రుమంది. మీ కోసమే కదత్తయ్యా, అన్నాను. మిమ్మల్ని ఎవరూ మనిషిగా చూడకపోతే నేను చూస్తూ ఊరుకోవాలా, మూడు వారాల్నుంచి మీ కోసం నేనెంత మందితో గొడవపడ్డానో మీకేం తెలుసు, అన్నాను. ఎదురు సీట్లో ఉన్న కుర్రజంట తలెత్తి చూశారు.

"తెలుసమ్మా. వింటూనే ఉన్నాను" అంది. నా వైపు తిరిగి, "వాళ్ళని అడగమన్నావు. నువ్వడిగావా?" అంది.

అడిగాననుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. వ్యానులో అడిగానేమో, విమానంలో అడిగానేమో అని వెతుక్కున్నాను. వ్యానులో పళ్ళు నూరుతూ కూర్చున్నాను. విమానంలో కెమెరా ముందేసుకుని ఆ మంచు ఫొటోలు చూసుకున్నాను. ఇంటికొచ్చాక ఆవిడకి జరిగిన అవమానం గురించి ఆవిడ ముందే పదిమందికి చెప్పాను. ఆవిడ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలో బెండకాయలో తరుగుతూ ఉంది. ఆర్నెల్లు మెట్లెక్కి, ఆ కొండ చూసొచ్చిన మనిషి. ఎలా ఉందత్తయ్యా అని ఒక్కసారి అడగలేదు నేను.

సిగ్గుతో చచ్చిపోయాను. బండి యూ టీలో ఆగి కదిలింది. ఎలా ఉందత్తయ్యా అని అప్పుడడిగాను. 

ఆవిడ చెప్పింది. తొందరపడకుండా చెప్పింది. రాళ్ళ మధ్య సన్నటి దారట. ఒకచోట నుంచి నేల గుల్లగా మోగిందట, అడుగేస్తే కింద ఏమీ లేనట్టు. బూట్లలోంచి కాళ్ళకి వేడి తగిలిందట. ఒక మలుపు తిరగ్గానే పసుప్పచ్చ రాళ్ళు, వాటి మధ్య గంజిలా ఉడుకుతున్న బురద, బుసబుసమని ఆవిరి. ఆ పిల్ల గుడ్ల బుట్ట దింపడానికి అవతలి పక్కకి వెళ్ళిందట. ఆవిరి అడ్డం వచ్చి ఆ పిల్ల కనపడకుండా పోయిందట.

"చూడగానే ఏడుపొచ్చిందమ్మా నాకు. ఎందుకో తెలీదు. ఎంత బావుందో చెప్పలేను. వెంటనే భయం కూడా వేసింది, ఒక్కదాన్నీ ఉన్నానే అని."

ఆవిడ చీర కొంగుకి బదులు చున్నీ కొస పట్టుకుని వేళ్ళకి చుట్టుకుంటోంది. చోవా చూ కాంగ్‌లో జనం దిగారు, ఎక్కారు.

"నిన్ను పిలిచాను" అంది. "పైకి వినపడదని తెలుసు. అయినా రెండుసార్లు పిలిచాను."

మూడు వారాలుగా కనపడ్డవాళ్ళందరి మీదా విరుచుకుపడ్డ నోరు నాది. ఆ నోటితోనే, ఏమని పిలిచారత్తయ్యా, అని మెల్లగా అడిగాను.